పొగగొట్టం పక్క బడి

మహాచాయ్,
ఫిబ్రవరి 16

అక్కకి,

బువాలై రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, వేళ్ళు తప్ప. ఈ ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచీ ఒలిచీ చూపుడువేలు గోరు ఊడింది. అందుకే అక్షరాలు ఇలా తాగినవాడి నడకలా ఉన్నాయి, నవ్వకు. బావకి దగ్గు తగ్గిందా? లమ్యాయ్‌కి ఎన్నో నెల? ఖోన్ కేన్‌లో దాని అత్తగారు దానిచేత బిందెలు మోయించడం లేదు కదా? కడుపుతో ఉన్న కూతుర్ని నువ్వే వెళ్ళి ఒకసారి చూసి రావచ్చుగా.

అసలు సంగతికి వస్తాను. మే నెలలో బళ్ళు తెరిచేటప్పుడు నా ఫాయ్‌ని మన ఊరి భిక్షువుల విహారంలోని నర్సరీ మాన్పించి పట్నం నర్సరీలో వేద్దామని ఉంది. పై ఏడు ఒకటో తరగతి. మధ్యలో మిగిలింది ఈ ఒక్క ఏడాదే. తోంగ్‌మీ టీచర్ మంచిది, నేను కాదనను. కానీ ఆవిడ పాట నేర్పినా మన మాటే, తిట్టినా మన మాటే, అన్నం పెట్టినా మన మాటే. ఒకటో తరగతిలో మాస్టారు బ్యాంకాక్ మాటలో అడుగుతాడు. నా సంగతి నీకు తెలుసుగా. మొదటి రోజు ఆయన ఏం అడిగాడో అర్థం కాక, బయటికి పోతానని చెప్పడం రాక, నిలబడ్డచోటే లంగా తడుపుకున్నాను. నువ్వే వచ్చి తీసుకెళ్ళావు.

మొన్న ఇక్కడ సూపర్‌వైజర్ నేను మాట్లాడుతుంటే విని, "ఎక్కడో కప్ప అరుస్తోందర్రా, చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా కూతురు అలా నవ్వాల్సిన గతి రాకూడదక్కా. దాని నాన్న తన దారి తాను చూసుకున్నాడు, దానికి నేను తప్ప ఎవరున్నారు, నువ్వు తప్ప ఎవరున్నారు?

ఒకసారి పట్నం వెళ్ళి కనుక్కో. కొత్త సంవత్సరానికి పంపిన ఫోటో పక్కలో పెట్టుకుని పడుకుంటోందన్నావు, ఇంకా అలాగే పడుకుంటోందా? నలిగిపోతే ఇంకోటి పంపిస్తాను.

నీ చెల్లెలు,
బువాలై


బాన్ డోన్ క్లాంగ్,
మార్చి 2

ఒసే బువాలై,

ఉత్తరం అందింది. గోరుకి పసుపు పెట్టి గుడ్డ చుట్టుకో, ఆ ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టకు అంటే నువ్వు వినవు, నీ ఉద్యోగమే అది. లమ్యాయ్‌కి ఆరో నెల. జూన్‌లో కాన్పు. అప్పుడు ఎలాగూ వెళ్ళాలి, బాలింత నిప్పుల పక్కన పడుకున్నన్నాళ్ళూ నేను ఉండాల్సిందే, వాళ్ళ అత్తగారికి నిప్పు రాజెయ్యడం కూడా రాదు.

నీ ఆలోచన నాకేమీ నచ్చలేదు. పట్నం బడికి వ్యాను పొద్దున్న ఆరింటికే వస్తుంది. ఆ వేళకి నీ కూతురు నోట్లో ముద్ద పెట్టుకుని నిద్రపోతుంటుంది. పైగా తెల్ల మేజోళ్ళు వేసుకుని రావాలిట! మన ఎర్రమట్టిలో తెల్ల మేజోళ్ళు! ఎవరు ఉతుకుతారు, నువ్వొచ్చి ఉతుకుతావా? విహారం బడి అయితే నేను పొలం గట్టు మీంచి కేకేస్తే పలుకుతుంది. నువ్వూ నేనూ అక్కడి మట్టిలోనే పొర్లాం, ఏం చచ్చిపోయామా?

ఆ మాట అలా ఉంచు. ఫాయ్‌కి వారం నుంచి ఒంట్లో బాగాలేదు. నువ్వేం కంగారు పడకు. సోమవారం సైఫోన్‌ని తెచ్చారు. అదే, మన ఊరిపెద్ద మేనకోడలు, మహాచాయ్‌లోనే వేరే ఫ్యాక్టరీలో చేసేది, లారీ గుద్దింది. నీకు తెలిసే ఉంటుంది. పికప్ బండిలోంచి శవపెట్టె దించుతుంటే ఊరంతా ఒకటే ఏడుపు. విహారంలో పెట్టి గురువారం దాకా అన్నదానాలు, ప్రార్థనలు. నేను వంటలకి వెళ్ళాను, ఫాయ్‌నీ చంకనేసుకెళ్ళాను. నుదుట మసిబొట్టు పెట్టే తీసుకెళ్ళాను, నన్నేం అనకు.

గురువారం మధ్యాహ్నం దహనం. నర్సరీ పిల్లలు పడుకునే వేళ. చితికి నిప్పు పెడుతూ టపాకాయలు పేల్చారు. తోంగ్‌మీ టీచర్ చెప్పడం, పిల్లలందరూ లేచి గోల చేశారట, ఫాయ్ మాత్రం లేచి కూర్చుని కిటికీలోంచి దహనశాల పొగగొట్టం వంక గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయిందట. ఆ సాయంత్రం ఒళ్ళు కాలిపోయింది. జ్వరం రెండు రోజుల్లో దిగింది గానీ మాట లేదు. ఒక్క మాట లేదే. నీళ్ళు కావాలంటే చెంబు చూపిస్తుంది.

దడుపు, ఇంకేం కాదు. దడుచుకున్నచోట దాని ఖ్వన్, ఒంటిని కాసే ప్రాణం, జారి పడిపోయింది. ఊరి అవ్వలతో మాట్లాడాను, చేపలు తోడే జాలిగంప పట్టుకెళ్ళి దాన్ని తోడి తెచ్చేస్తాం. నాలుగు రోజులు పోతే మళ్ళీ వాగుడు మొదలెట్టి నా బుర్ర తింటుంది. నువ్వు అనవసరంగా బెంగ పెట్టుకోకు.

మీ అక్క,
ఖంపూన్


మహాచాయ్,
మార్చి 12

అక్కా,

కంగారు పడకు అని రాశావు చూడు, ఆ మాట చదివాకే నాకు కంగారు పుట్టింది. ఐస్‌గడ్డల గది దగ్గర నిలబడి చదివాను. పక్కపిల్ల "ఏమైందే, మొహం అలా పాలిపోయింది" అంటే ఉత్తరం ఏప్రన్‌లో దోపుకుని మళ్ళీ రొయ్యల దగ్గరికి పోయాను.

సైఫోన్ సంగతి విన్నాను. నాకు పెద్ద పరిచయం లేదు, సంతలో ఒకసారి కనిపించి "మీది డోన్ క్లాంగ్ కదూ" అంది, అంతే. పాపం. కానీ అక్కా, పొగగొట్టం పక్కన పిల్లల్ని పడుకోబెట్టే నర్సరీ ఏం నర్సరీ? మనం అక్కడే పెరిగాం అంటావు. మనకి ఇంకోటి లేదు కాబట్టి పెరిగాం. వాగుడుకాయ లాంటి పిల్ల చెంబు చూపిస్తోందని నువ్వు మామూలుగా రాస్తావు, నాకు అన్నం దిగడం లేదు. దాన్ని ఆ చుట్టుపక్కలకి తీసుకెళ్ళకు. మే నెల దాకా ఇంట్లోనే ఉంచుకో, తర్వాత పట్నం. ఇంక నన్నడగకు, నేను నిశ్చయించేశాను.

కింద రాసింది దానికి చదివి వినిపించు. నా గొంతులా చదువు, నీలా కసురుకుంటూ కాదు.

'ఫాయ్ తల్లీ, అమ్మ ఎక్కడికీ పోలేదు. అమ్మ నిన్ను చూస్తూనే ఉంది. నువ్వు అన్నం తినకపోయినా, మాట్లాడకపోయినా అమ్మకి తెలిసిపోతుంది. నీ కలలోకి వచ్చి పక్కన పడుకుంటాను. నా కోసం ఏడవకు.'

చదివాక ఏమందో వెంటనే రాయి.

బువాలై


బాన్ డోన్ క్లాంగ్,
మార్చి 27

బువాలై,

చదివాను. నీ గొంతులాగే చదివాను. కలలోకి వస్తాను అనేదాకా వచ్చేసరికి పిల్ల మొహాన నెత్తురు చుక్క లేదు. లేచి పరుగెత్తి నీళ్ళ కాగు వెనక దూరింది. ఎంత పిలిచినా రాలేదు. మీ బావ కాగు జరిపి చూస్తే లాగు తడిసి ఉంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను ఎత్తుకుంటే నా మెడ పట్టుకుని ఊపిరాడకుండా చేసింది.

ఇంక నీ ఉత్తరాలు దానికి చదవను గాక చదవను. మొన్న పోస్టుమాన్ సైకిల్ గంట వినిపించినా కాగు వెనక్కే పోయింది. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ పట్నం, పట్నం అంటున్నావు, నేనూ మీ బావా ఆ ముక్కే అనుకుంటాం, అది వింటూనే ఉంటుంది. తనని ఎక్కడికో పంపేస్తారని దడుచుకుంటోంది. నాకు అర్థమైంది అదే. ఇంకేం ఉంటుంది?

ఖ్వన్ తోడడానికి వెళ్ళాం. గంపలో ఉడికించిన గుడ్డు, అన్నం ముద్ద, దాని చొక్కా పెట్టుకుని, నర్సరీ కిటికీ కింద నేల మీద తోడుతూ "రావే ఫాయ్ ఖ్వన్, ఇంటికి రావే, ఇక్కడ ఉండకే" అని గొంతు పోయేలా పిలిచాం. వెనక్కి చూడకుండా ఇంటికి తెచ్చాం. ఊళ్ళో ప్రతి వాళ్ళూ వచ్చి దాని చేతికి దారం కట్టారు. మోచేతి దాకా తెల్లదారాలే. గుడ్డు ఒలిచి చూస్తే లోపల నున్నగా లేదు, ఒక పక్క సొట్ట. అవ్వలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "రాలేదమ్మా, ఏదో పట్టుకుని ఆపుతోంది" అన్నారు.

అందుకే చెప్తున్నాను. ఖ్వన్ ఇక్కడ చిక్కుకుని ఉండగా పిల్లని పట్నానికి పంపితే ఒళ్ళు అక్కడ, ప్రాణం ఇక్కడ అయిపోతుంది. నర్సరీ మార్చడానికి వీల్లేదు. నువ్వు అక్కడ కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తావు, ఇక్కడ రాత్రీపగలూ దాన్ని పట్టుకుని కూర్చునేది నేను.

సొంగ్‌క్రాన్ పండగకి వస్తావుగా, నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని.

ఖంపూన్


మహాచాయ్,
ఏప్రిల్ 6

అక్కకి,

నా ఉత్తరం చూస్తే నా కూతురు దాక్కుంటోంది. ఈ ముక్క ఎన్నిసార్లు చదివినా అదే ఉంది. నువ్వు దానికి నా గురించి ఏం చెప్పావు? నిజం చెప్పు. 'మీ అమ్మ నిన్ను తీసుకుపోతుంది' అన్నావా? 'అన్నం తినకపోతే మీ అమ్మకి ఇచ్చేస్తా' అన్నావా? నీకు లమ్యాయ్ పెళ్ళి చేసుకుని పోయాక ఇల్లు బోసిపోయింది, నాకు తెలుసు. కానీ ఫాయ్ నా కూతురు. దాన్ని కన్నది నేను.

పండగకి రాలేను. ఎగుమతి ఉందని సెలవులన్నీ కోసేశారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రానక్కర్లేదన్నారు. దాని పక్కన కూర్చోవాలని నా ప్రాణం ఎంత కొట్టుకుంటోందో నీకు తెలీదు. పని పోతే పట్నం బడికి కట్టేది ఎవరు?

నా మొహం మరిచిపోతోందేమో, అందుకే భయపడుతోందేమో అని కూడా అనిపించింది. అందుకని ఫోటో పంపుతున్నాను. ఫ్యాక్టరీకి వచ్చిన ఫోటోగ్రాఫర్ చేత పెద్దది తీయించి ఫ్రేము కట్టించాను. పని మధ్యలో తీశాడు, తెల్ల టోపీ, తెల్ల ఏప్రన్ తియ్యనివ్వలేదు, కొత్త సంవత్సరానికి పంపినదాని లాగే ఉన్నాను, కాకపోతే నవ్వుతున్నాను. కంటికెదురుగా గోడకి పెట్టు. రోజూ చూడనీ.

మేలో పట్నం. తల్లిని నేను. గుడ్డులో సొట్ట చూసి నా కూతురి చదువు తేల్చకండి.

బువాలై


బాన్ డోన్ క్లాంగ్,
మే 25

బువాలైకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇంక నన్నేమీ అనలేవు. పట్నం నర్సరీలో చేర్పించి పది రోజులైంది. తెల్ల మేజోళ్ళు కొన్నాను. వ్యానులో కూర్చోబెడితే కూర్చుంటుంది, దింపితే దిగుతుంది. ఏడవదు. ఏడ్చినా బాగుండును. ఎవరో తాడు కట్టి ఆడిస్తున్నట్టు కదులుతుంది.

నిన్న అక్కడి టీచరమ్మ పిలిపించింది. గోళ్ళకి రంగు, సెంటు వాసన. "మీ అమ్మాయికి చెముడా? మూగా?" అంది. "కాదండీ, దడుచుకుంది" అన్నాను. "ఇన్ని నెలలా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "చూడండి, ఇలాగే ఉంటే పై ఏడు ఒకటో తరగతిలో తీసుకోరు. మామూలు పిల్లల మధ్య కూర్చోబెట్టలేం. మాట రాని పిల్లల బడి రోయెట్‌లో ఉంది, ఇప్పుడే కనుక్కోండి" అంది. వసపిట్టలా గలగలా మాట్లాడే పిల్లని, మూగబడిలో వెయ్యమంటోంది. నేను ఆవిడతో ఏం మాట్లాడానో నాకే తెలీదు, బ్యాంకాక్ మాట ఒక్కటీ నోటికి రాలేదు.

ఇంకో సంగతి. రాయకూడదనుకున్నాను, కానీ ఇంక నా వల్ల కావడం లేదు. ఇంట్లో ఏదో ఉంది.

నీ ఫోటో పండగనాడే గోడకి పెట్టాను. మల్లెదండ కూడా వేశాను, నువ్వు రాలేదు కదా అని. ఆ తర్వాత నుంచి తెల్లారగట్ల నేను కింద పొయ్యి దగ్గర అన్నం ఆవిరి పెడుతుంటే, పైన గదిలో ఎవరో చెక్క తట్టినట్టు చప్పుడు. టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ. మీ బావ విన్నాడు, బల్లి అన్నాడు. బల్లి లెక్కపెట్టి తడుతుందా? పైకెళ్ళి చూస్తే పిల్ల దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటుంది, ఎవరూ ఉండరు. అన్నం బుట్టలో ముద్ద తగ్గుతోంది. గోడ మొదట్లో చీమలు బారులు కట్టాయి.

సైఫోన్‌దే. నాకు తెలుసు. అకాల మరణం కదా, పిల్లని పట్టుకుంది. పెద్ద భిక్షువు గారి దగ్గరికి వెళ్తే మంత్రించిన నీళ్ళిచ్చి, "భయపడకు తల్లీ, ముందు సరిగ్గా చూడు" అన్నారు. ఏం చూడను? మీ బావ ముందు నడిస్తేనే పైకి ఎక్కుతున్నాను.

నీ మీద కోపం లేదే. ఏం చెయ్యాలో చెప్పు.

అక్క


మహాచాయ్,
జూన్ 1

అక్కా,

పిల్లని ఒంటరిగా పడుకోబెట్టకు. నీ పక్కనే వేసుకో. బావని గుమ్మం దగ్గర పడుకోమను. ఆ పట్నం బడి మాన్పించెయ్. నాకొద్దు. బ్యాంకాక్ మాట వద్దు, మేజోళ్ళు వద్దు. తోంగ్‌మీ టీచర్ దగ్గరికే పంపు, ఆవిడ ఒళ్ళో పడుకోనీ. ఖ్వన్ ఇక్కడ, ఒళ్ళు అక్కడ అయిపోతుందని నువ్వు చెబితే నేను వినలేదు. నువ్వు రాసినట్టే అయింది. మూగబడి మాట చదివి మరుగుదొడ్లో కూర్చుని ఏడ్చాను, బయట వరసలో వాళ్ళు తలుపు బాదుతున్నా లేవలేకపోయాను.

సైఫోన్ పేరున ఇక్కడ విహారంలో అన్నదానం చేశాను. 'మా పిల్ల నీకేం చేసింది, వదిలెయ్యవే' అని చేతులు జోడించాను. తనకి నా కూతురుతో పనేంటక్కా? నేనంటే కోపమా? సంతలో పలకరిస్తే నిలబడి మాట్లాడలేదనా?

నాకు పిచ్చెక్కేలా ఉంది. ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళు. దేన్నీ వదలొద్దు. ఆ రోజు నీ మీద అవాకులు చవాకులు రాశాను, మనసులో పెట్టుకోకు.

బువాలై


బాన్ డోన్ క్లాంగ్,
జూన్ 7

బువాలై,

ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. సెలవు ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే.

దెయ్యం లేదు, ఏమీ లేదు. ఈ పొద్దున్న పొయ్యి రాజేసి, అన్నం కుండ ఎక్కించి, బుద్ధుణ్ణి తలుచుకుని మెట్ల మీద సగం దాకా ఎక్కి కూర్చున్నాను. చప్పుడు మొదలైంది. తల ఎత్తి చూశాను. ఫాయ్. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నీ ఫోటో ముందు అన్నం ముద్ద పెట్టింది, పక్కన దాని అరటిపండు. వేలు మడిచి గోడ చెక్క మీద తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది. తర్వాత చేతులు జోడించి నమస్కారం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చి దుప్పట్లో దూరింది.

నీకు అర్థమైందా? పెట్టె ముందు మనం చేసేది అదే కదే. అన్నం పెట్టి, పెట్టె తట్టి, తినడానికి పిలుస్తాం కదా. అది సైఫోన్ పెట్టె దగ్గర చూసింది. నేనే చంకనెత్తుకుని చూపించాను. పెట్టె ముందు సైఫోన్ ఫోటో పెట్టారు, తెల్ల టోపీ, తెల్ల ఏప్రన్, ఫ్యాక్టరీలో తీసినది. ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, మహాచాయ్ పిల్ల వచ్చేసింది, మహాచాయ్ పిల్ల ఇలా వచ్చింది అని. దానికి మహాచాయ్‌లో ఉన్నది ఎవరు? నువ్వొక్కదానివే. తెల్ల టోపీ ఎవరు పెట్టుకుంటారు? నువ్వే. నువ్వు చచ్చిపోయావనుకుందే. నిన్నే కాల్చారనుకుంది. కిటికీలోంచి చూసింది నీ పొగే అనుకుంది.

వంటల దగ్గర ఎవరో పిల్లల్ని కసిరారు, నాకిప్పుడు గుర్తొస్తోంది, 'పోయినవాళ్ళ పేరెత్తకండర్రా, పిలిస్తే వెంట వస్తారు' అని. అందుకే నోరు మూసేసింది. నోరు తెరిస్తే అమ్మా అనే వస్తుందని. అప్పుడు నేను నీ ఉత్తరం చదివాను. అమ్మ చూస్తోంది, కలలోకి వస్తుంది, పక్కన పడుకుంటుంది! పండగకి నువ్వు రాలేదు. నీ ఫోటో వచ్చింది. దానికి నేను దండ వేశాను. ఈ చేతులతో వేశానే.

దాన్ని ఒళ్ళో వేసుకుని చెప్పాను, మీ అమ్మ బతికే ఉందే, రొయ్యలు ఒలుస్తోందే అని. జాలిగా నా మొహం వంక చూసి, నా కళ్ళు తుడిచింది. నమ్మలేదు. ఊరిపెద్ద ఇంట్లోంచి ఫోన్ చేయించి నీ గొంతు వినిపిద్దామా అనుకున్నాను. అమ్మో, మనిషి లేకుండా గొంతొక్కటే వస్తే గుండె ఆగిపోతుంది. నువ్వే రావాలి. పట్టపగలు రావాలి, నడిచి రావాలి.

నువ్వొచ్చేదాకా నేను ఇక్కడ ఉండలేను. లమ్యాయ్‌కి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది, సాయంత్రం బస్సుకి ఖోన్ కేన్ వెళ్తున్నాను. ఫాయ్‌ని తోంగ్‌మీ టీచర్‌కి అప్పగించాను. పట్నం బడిలో పేరు ఇంకా తీయించలేదు. వెళ్ళేదీ లేనిదీ నువ్వొచ్చి తేల్చు. మీ ఇద్దరి మధ్యా ఇంక నేను వేలు పెట్టను.

అక్క


బాన్ డోన్ క్లాంగ్,
జూన్ 15

అక్కకి,

మనవరాలు పుట్టిందని బావ చెప్పాడు. లమ్యాయ్‌ని చల్లనీళ్ళు ముట్టుకోనివ్వకు. నిప్పు నువ్వే చూసుకో, వాళ్ళ అత్తగారిని నమ్మకు.

నేను పన్నెండో తారీకున వచ్చాను. దారి పొడుగునా ఒకటే భయం, నన్ను చూసి దానికి ఏమన్నా అయిపోతే? బస్సు దిగేటప్పటికి ఎండ నెత్తి మీద ఉంది. ఇంటికి కూడా పోకుండా నేరుగా విహారానికి నడిచాను. పిల్లలు అన్నాలు తిని కంచాలు కడుక్కుంటున్నారు. ఫాయ్ నన్ను చూసింది. కంచం జారిపోయింది. అరవలేదు, పరుగెత్తలేదు. వెనక్కి వెనక్కి వెళ్ళి గోడకి అంటుకుపోయింది. ఎంత చిక్కిపోయిందక్కా, చేతులు దారాలతో సహా నా బొటనవేలంతే ఉన్నాయి.

తోంగ్‌మీ టీచర్ నన్ను కదలొద్దని సైగ చేసింది. ఎండలో నిలబడ్డాను. అప్పుడు అది ఏం చేసిందో తెలుసా? నాకు వీపు తిప్పింది. వంగి, రెండు చేతులూ నేలకి ఆనించి, కాళ్ళ మధ్య నుంచి తల పెట్టి నన్ను చూసింది. అలా చూస్తే దెయ్యం అసలు రూపం కనబడుతుందని మనకీ చెప్పేవారు కదా. మొహం తలకిందులుగా ఎర్రబడిపోయింది, కళ్ళు మాత్రం ఆర్పదు. నేను బతికి ఉన్నట్టు కనబడాలని గట్టిగా ఊపిరి తీస్తూ నిలబడ్డాను. పక్కనున్న పిల్ల కూడా వంగి చూసింది. ఆ వెంటనే ఇంకోడు. క్షణంలో బడి బడంతా ముడ్డి పైకెత్తి నన్నే పరీక్ష చేస్తోంది. "మామూలు ఆవిడేరా!" అని ఎవడో అరిచాడు. నేను ఏడుస్తూ నవ్వేశాను. ఆ నవ్వుకి అనుకుంటాను, అది లేచింది. మెల్లగా వచ్చింది. ముందు నా కాలి వేలు తొక్కి చూసింది. తర్వాత నా చెయ్యి లాక్కుని వాసన చూసింది. నెలల తరబడి రొయ్యల్లో నానిన చెయ్యి అది, ఎన్ని సబ్బులు రాసినా పోదు.

"కంపు" అంది.

మూడు నెలల తర్వాత నా కూతురి నోట్లోంచి వచ్చిన మాట అక్కా అది.

ఇప్పుడు మాట్లాడుతోంది. మునుపటంత కాదు. నేను పక్కన లేకపోతే లేచి వెతుకుతుంది. దొడ్లోకి వెళ్ళినా తలుపు బయట కూర్చుంటుంది. ఆ ఫోటో తీసి బట్టల అడుగున పెట్టాను. నువ్వు అందుకు బాధపడకు, పూలు వేసింది ప్రేమతోనే కదా.

నిన్న పట్నం వెళ్ళి టీచరమ్మని కలిశాను. పేరు అలాగే ఉంచుతాను, మాట వచ్చింది కదా, తీసుకురండి అంది. వచ్చే దారిలో నాకు మళ్ళీ ఆశ పుట్టింది. నేను పడ్డ పాట్లు అది పడకూడదని ఆశ. పొగగొట్టం లేని బడి, మంచిదే కదా అనుకున్నాను. సాయంత్రం గడప మీద కూర్చుని దాన్నే అడిగాను.

"ఏ బడికి వెళ్తావే? పట్నందా, ఇక్కడిదా?"

"ఇక్కడిదే."

"ఇక్కడ పొగగొట్టం ఉంది కదా. భయం లేదా?"

"భయమే."

"మరి పట్నం పోవచ్చుగా?"

చేతికున్న దారాలు ఒక్కొక్కటీ లాగుతూ కూర్చుంది. మళ్ళీ నోరు మూసేసిందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అక్కా, ఈ పొద్దున్న మహాచాయ్‌కి ఉత్తరం రాసి పడేశాను, ఇంక పనికి రానని. పట్నం బడిలో పేరు తీయించేస్తాను. బ్యాంకాక్ మాట నాకు వచ్చినంత నేనే నేర్పుతాను, నవ్వేవాళ్ళు నవ్వనీ. రేపట్నుంచి ఏం చేసి బతుకుతామో ఇంకా తెలీదు, బావ ఏమీ అనలేదు గానీ నాకు భయంగానే ఉంది. నువ్వు తిడతావని తెలుసు. తిట్టు. కానీ అది చివరికి ఏమందో విని అప్పుడు తిట్టు.

"నువ్వు మళ్ళీ మహాచాయ్ పోతావు కదమ్మా" అంది. "ఈసారి పెట్టెలో వస్తే నిన్ను ఇక్కడికే తెస్తారు. నేను పట్నంలో ఉంటే నీకు అన్నం ఎవరు పెడతారు?"

బువాలై